డచ్చి పదాలు, ఇంద్రియానుభవం: కొలతల పట్టికలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

డచ్చి పదాలు ఏ ఇంద్రియంతో ఎంతగా ముడిపడి ఉన్నాయో అంకెలలో నమోదు చేసిన పట్టికలు గత దశాబ్దంలో వెలువడ్డాయి. వాటిలో మొదటిది ఘ్రాణానికి చివరి స్థానం ఇచ్చింది. ఆ స్థానం డచ్చి మాట్లాడేవారి ముక్కుకు సంబంధించిందా, వారి భాషకు సంబంధించిందా, లేక కొలిచిన పద్ధతికి సంబంధించిందా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ఒంటరి పదానికి వేసిన అంకె ఎక్కువగా ఆ పదం సూచించే వస్తువును కొలుస్తుందనీ, పదానికీ ఇంద్రియానికీ భాష వేసే ముడి వాడుకలోనే బయటపడుతుందనీ డచ్చి ఉదాహరణలతో, డచ్చి భాషీయులపై జరిగిన ఇతర ప్రయోగాలతో ఈ వ్యాసం చూపుతుంది.

కీలకపదాలు: డచ్చి భాష, ఇంద్రియార్థం, ఘ్రాణ పదజాలం, పద మూల్యాంకనం, అనుకరణ పదాలు.

1. ప్రశ్న

డచ్చి భాషలో 'బెనౌట్' అనే విశేషణం ఉంది. ఊపిరాడని రోగిని గురించి ఆ మాట వాడతారు. కిటికీలు మూసిన గదిని గురించీ, వానకు ముందు ఉక్కపోసే సాయంత్రాన్ని గురించీ వాడతారు. భయంతో గుండె బిగుసుకుపోయిన మనిషికీ అదే మాట. ఇది ఏ ఇంద్రియానికి చెందిన పదం? చర్మానికి తగిలే ఉక్క ఇందులో ఉంది కనుక స్పర్శ అనవచ్చు. నిలవగాలి ఉంది కనుక ఘ్రాణం అనవచ్చు. కాని డచ్చి మాట్లాడే మనిషి ఈ మాటను ప్రధానంగా తన రొమ్ములో అనుభవిస్తాడు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని ఐదు గళ్లు గీసి ఈ పదాన్ని ఒక గడిలో వేయమంటే, ఏ గడిలో వేసినా దానికి అన్యాయమే జరుగుతుంది.

ఇటువంటి గళ్లు గీసే ప్రయత్నం మనోభాషాశాస్త్రంలో 2009 నుంచి ఒక క్రమపద్ధతిలో సాగుతున్నది. ఆ సంవత్సరం డెర్మట్ లినొట్, లూయిస్ కనెల్ 423 ఆంగ్ల విశేషణాలకు ఇంద్రియాల వారీగా అంకెలు సేకరించారు. 2013లో 400 నామవాచకాలను చేర్చారు. ఆ పద్ధతినే అనుసరించి నైమేఖెన్‌లోని ర్యాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లారా స్పీడ్, ఆసిఫా మజీద్ 2017లో 485 డచ్చి నామవాచకాల పట్టికను ప్రచురించారు. తరువాత స్పీడ్, ఖెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్రైస్‌బార్ట్‌తో కలిసి దాదాపు 24,000 డచ్చి పదాలకు ఈ పనిని విస్తరించారు. ఆ వ్యాసం 2022లో ముద్రితమైంది. ఇంత పెద్ద పని ఇంత త్వరగా సాధ్యం కావడానికి డచ్చి భాషకు ముందే సమకూరి ఉన్న సామగ్రి ఒక కారణం. సినిమా ఉపశీర్షికల నుంచి తీసిన పదపౌనఃపున్యాల జాబితా, పదాలను గుర్తించడానికి పట్టే కాలాన్ని నమోదు చేసిన నిధి, సుమారు 30,000 పదాలకు మూర్తత ఎంతో తెలిపే అంకెలు, ఇవన్నీ 2010 నుంచి 2014 లోపు వెలువడినవే.

ఈ పట్టికలు లేకపోతే చర్చ ఊహాగానంగా మిగిలేది. వాటి విలువను ఒప్పుకుంటూనే, అవి కొలుస్తున్నది పదాన్నా, పదం వెనుక ఉన్న వస్తువునా అన్న ప్రశ్న వేయవలసి ఉంది.

2. అంకెలు ఎలా పుట్టాయి

పద్ధతి సరళమైనది. ఒక పదాన్ని చూపి, అది సూచించేదాన్ని చూడడం ద్వారా ఎంతవరకు అనుభవిస్తారు, వినడం ద్వారా ఎంతవరకు, తాకడం ద్వారా, రుచి ద్వారా, వాసన ద్వారా ఎంతవరకు అని విడివిడిగా అడుగుతారు. సమాధానం 0 నుంచి 5 వరకు ఒక అంకె. అనేకుల సమాధానాల సగటు ఆ పదానికి ఆ ఇంద్రియంతో గల అనుబంధ బలం. ఎక్కువ అంకె దక్కిన ఇంద్రియం ఆ పదానికి ప్రబలేంద్రియం. పదం ఒకే ఇంద్రియానికి కట్టుబడి ఉందా, అన్నింటికీ పంచుకుందా అని తెలుసుకోవడానికి మరొక లెక్క ఉంది. అత్యధిక అంకెలోనుంచి అత్యల్పాన్ని తీసివేసి, వచ్చినదాన్ని మొత్తం అంకెల కూడికతో భాగిస్తారు. దీనిని ఏకేంద్రియత అనవచ్చు. ఉదాహరణకు ఒక పదానికి చూపులో 5, తక్కినవన్నీ 0 అయితే ఏకేంద్రియత నూటికి నూరు. అన్ని ఇంద్రియాలకూ సమానంగా అంకెలు పడితే సున్న.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. ఐదు ఇంద్రియాలకూ 5 చొప్పున దక్కిన పదానికీ, ఐదింటికీ 1 చొప్పున మాత్రమే దక్కిన పదానికీ ఏకేంద్రియత సున్నే అవుతుంది. మొదటిది నిండు విందు వంటి పదం, రెండవది ఇంద్రియాలకు దాదాపు అందని పదం. పట్టిక కర్తలకు ఇది తెలియనిది కాదు. పదజంటల మధ్య పోలికను పరీక్షించినప్పుడు, ఒకే ప్రబలేంద్రియం గల పదాలు పరస్పరం దగ్గరగా తోస్తాయనీ, అనుబంధ బలం కూడా హెచ్చుగా ఉన్నప్పుడు ఆ దగ్గరితనం మరింత పెరుగుతుందనీ వారే చూపారు. అయినా ఈ పట్టికలను ఉపయోగించే ఇతరులు ఏకేంద్రియతను ఒంటరిగా తీసుకుంటే ప్రమాదమే.

485 నామవాచకాల ఫలితాలలో మూడు విషయాలు ముఖ్యమైనవి. డచ్చి నామవాచకాలు దాదాపుగా బహ్వింద్రియ స్వభావం గలవి. వాటిలో దృష్టికి మొదటి స్థానం, ఘ్రాణానికి చివరి స్థానం. మూడవది, ఇంద్రియాలు జట్లుగా నడుస్తున్నాయి. వాసనా రుచీ ఒక జట్టు, చూపూ స్పర్శా మరొక జట్టు. మొదటి జట్టు తినే వస్తువులది, రెండవ జట్టు చేతితో పట్టుకొనే వస్తువులది. ఇక్కడే అనుమానానికి చోటుంది. తినేవి, పట్టుకొనేవి అన్న విభజన పదాలది కాదు, వస్తువులది. వెల్లుల్లికి వాసనా రుచీ కలిసి రావడం డచ్చి భాష చేసిన పని కాదు. వెల్లుల్లికి ఏ భాషలో ఏ పేరు పెట్టి అడిగినా సమాధానం ఇంచుమించు ఇదే అవుతుంది.

24,000 పదాల పట్టికలో ఆరవ గడి చేరింది. ఆకలి, దాహం, నొప్పి, గుండెదడ వంటి శరీరాంతర్గత సంవేదనల గడి అది. 2020లో వెలువడిన 39,707 ఆంగ్ల పదాల పట్టిక కూడా ఇదే మార్పు చేసింది. బెనౌట్ వంటి పదానికి ఇప్పటికి కొంత న్యాయం జరిగింది. సుఖదుఃఖాలు తెలిసేది మనస్సు అనే అంతరింద్రియం ద్వారా అని న్యాయదర్శనం ఏనాడో చెప్పిన సంగతి తెలుగు పాఠకుడికి ఇక్కడ గుర్తుకు రాక మానదు. రెండూ ఒకటి కావు. కాని ఐదు చాలవన్న గుర్తింపు మాత్రం రెండింటిలోనూ ఉంది.

3. వాసనకు చివరి స్థానం ఎందుకు?

ఘ్రాణానికి దక్కిన చివరి స్థానాన్ని మనిషి ముక్కు బలహీనతకు ఆనవాలుగా తీసుకోవడం సులభం. ఆ సులభమైన వివరణను దెబ్బతీసే సాక్ష్యం డచ్చి భాషీయుల నుంచే వచ్చింది. 2018లో మజీద్, ఆమె సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో మలయా ద్వీపకల్పపు అడవులలో వేట, సేకరణలతో జీవించే జహాయ్ జనులు 30 మంది, నెదర్లాండ్స్‌కు చెందిన డచ్చివారు 30 మంది పాల్గొన్నారు. ఒకే రసాయన అణువుతో తయారైన వాసనలను ఇద్దరి చేతా పేరు పెట్టించారు. ఆ వాసనలు ఏ పండువీ కావు, ఏ పువ్వువీ కావు. డచ్చివారు వస్తువులను ఆశ్రయించారు, నిమ్మకాయలా ఉందనే తరహాలో సమాధానమిచ్చారు. జహాయ్‌లు వస్తువు పేరు ఎత్తకుండా, నేరుగా వాసన గుణాన్ని చెప్పే పదాలను వాడారు. పాతబడిన గుడిసెకూ, పుట్టగొడుగుకూ, నిలవ తిండికీ ఉమ్మడిగా వర్తించే ముక్కవాసన పదం వారికి ఉంది. పులిని రప్పిస్తుందని నమ్మే నెత్తుటి వాసనకు వేరే పదం ఉంది. పేర్లు ఇలా వేరైనా, వాసన తగిలిన తొలి క్షణంలో ఇరువర్గాల ముఖకవళికలు ఒకే విధంగా మారాయి. ముక్కులో తేడా లేదు. తేడా నోట్లో ఉంది.

ఈ ఫలితాన్ని 485 నామవాచకాల పట్టిక పక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. డచ్చివారికి వాసన చెప్పడానికి ఉన్న పదాలు చాలావరకు వస్తువుల పేర్లే: నిమ్మ, సబ్బు, వనిల్లా. వస్తువు పేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు. నిమ్మ అంటే పసుపు రంగు వస్తుంది, గరుకు తొక్క వస్తుంది, పులుపు వస్తుంది, ఆ తరువాత వాసన వస్తుంది. అంకెలు వేసేవాడు నిమ్మకు చూపులో పెద్ద అంకె వేయక తప్పదు. అంటే డచ్చి భాష తన ఘ్రాణ పదజాలాన్ని కంటికి కనిపించే వస్తువుల దగ్గర అరువు తెచ్చుకుంది. పట్టిక ఆ అరువును చూసి, ఘ్రాణానికి ఆస్తి లేదని రాసుకుంది. 2017 నాటి చివరి స్థానమూ, 2018 నాటి నిమ్మకాయ సమాధానమూ రెండు వేర్వేరు ఫలితాలుగా ఉదహరింపబడుతున్నా, నిజానికి అవి ఒకే వాస్తవానికి రెండు ముఖాలు.

డచ్చికి వాసనపదాలు బొత్తిగా లేవని చెప్పడమూ తప్పే. 'ముఫ్' అనే విశేషణం మూసిన గదులలోని ముక్కవాసనను ఏ వస్తువునూ పేర్కొనకుండానే చెబుతుంది. కంపు కొట్టడానికి 'స్తింకెన్', పరిమళించడానికి 'ఖోరెన్' అనే క్రియలున్నాయి. అన్నింటికంటె ఆసక్తికరమైనది 'లుఖ్ట్'. దాని మొదటి అర్థాలు గాలి, ఆకాశం. మరో అర్థం వాసన. దానికి అల్పార్థక ప్రత్యయం చేర్చి, ఫలానా విషయానికి ఒక చిన్న లుఖ్ట్ అంటుకుని ఉంది అంటే ఆ వ్యవహారంలో ఏదో మోసం ఉందని భావం. ఇప్పుడు ఈ పదాన్ని ఒంటరిగా తెరపై చూపి అంకెలు వేయమంటే ఏమవుతుంది? చదివినవాడికి ముందు ఆకాశం కనిపిస్తుందని ఊహించడం కష్టం కాదు. వాసన అర్థం వాక్యంలోనే బతుకుతుంది. ఒంటరి పదాల పట్టికకు అది చిక్కదు. ఘ్రాణానికి దక్కిన తక్కువ అంకెలలో కొంత భాగం ఈ విధంగా పద్ధతి వల్లనే తగ్గి ఉండాలి.

ఈ విషయమై వెలువడిన ప్రయోగ ఫలితాలు కూడా ఒకదానికొకటి ఎదురు నిలుస్తున్నాయి. 2017 అధ్యయనంలోనే, తెరమీది అక్షరాలు నిజమైన పదమా కాదా అని తేల్చే పరీక్షలో, ఘ్రాణప్రధానమైన పదాలు పాఠకుడికి దూరంగా ఉన్నట్టు చూపినప్పటికంటె దగ్గరగా ఉన్నట్టు చూపినప్పుడు, ఇతర ఇంద్రియాల పదాలతో పోలిస్తే, త్వరగా గుర్తింపబడ్డాయి. వాసన ఒంటికి దగ్గరి విషయం కనుక దాని పదం కూడా మనసులో దగ్గరగా మెదులుతుందని పరిశోధకుల వ్యాఖ్య. అదే ఇద్దరు 2018లో ప్రచురించిన మరొక వ్యాసంలో, శబ్దపదాలు మనసులో శబ్దాన్ని తిరిగి మేల్కొలుపుతాయనడానికి సాక్ష్యం దొరికింది, వాసనపదాలకు మాత్రం దొరకలేదు. సరిపోయే పదం తోడుగా ఉన్నప్పుడు వాసన మరింత ఘాటుగా, ఇంపుగా తోచింది, అంతవరకే. వాసనపదం వాసనను మేల్కొలపకపోతే అది ఒంటికి దగ్గరగా ఎందుకు తోచాలి? దగ్గరితనం వాసన అనుభవం నుంచి కాక, వాసనను గురించిన జ్ఞానం నుంచి వచ్చి ఉండవచ్చునన్నది ఒక సమాధానం. ముక్కు దగ్గర పెట్టుకుంటేనే వాసన తెలుస్తుందని ఎవరికైనా తెలుసు. దానికి ఇంద్రియం మేల్కొననక్కరలేదు. తమ పాత ఫలితాన్ని ఇరుకున పెట్టే కొత్త ఫలితాన్ని ప్రచురించిన ఆ పరిశోధకుల నిజాయితీ ప్రశంసార్హం. కాని 2017 వ్యాఖ్యను ఇప్పటికీ యథాతథంగా ఉదహరించడం సమంజసం కాదు.

శిక్షణతో వాసనపదాలు పెరుగుతాయా? ఇల్యా క్రోయ్‌మన్స్, మజీద్ 2016లో ద్రాక్షసారా నిపుణులను, కాఫీ నిపుణులను, ఏ నైపుణ్యమూ లేనివారిని పోల్చారు. ద్రాక్షసారా నిపుణులు తమ సారాలను వర్ణించడంలో పరస్పరం కొంత ఎక్కువ ఏకీభవించారు. కాఫీ నిపుణులకు కాఫీ విషయంలో ఆ ఆధిక్యం లేదు. రోజువారీ వాసనలను గుర్తించడంలో ఇద్దరూ సామాన్యులతో సమానమే. గమనించవలసింది ఇంకొకటుంది. నిపుణత పెరిగినకొద్దీ బాగుంది, బాగులేదు అనే మాటలు తగ్గి, వనిల్లా వంటి వస్తునామాలు పెరిగాయి. అంటే ఈ భాషా సమాజంలో వాసన నేర్చినవాడు కూడా జహాయ్ దారి పట్టడు. అరువునే మరింత నేర్పుగా వాడతాడు.

4. ఒక పదం, అనేక ఇంద్రియాలు

డచ్చిలో తరచుగా వినిపించే మాటలలో 'లెక్కర్' ఒకటి. నాకడం అనే అర్థం గల క్రియతో దీనికి చుట్టరికం. కాబట్టి మూలంలో ఇది నాలుకకు చెందిన మాటే. నేటి వాడుకలో భోజనం లెక్కర్, వాతావరణం లెక్కర్, పువ్వు వాసన లెక్కర్, రాత్రి నిద్ర కూడా లెక్కరే. ఒంట్లో బాగులేని మనిషి తాను లెక్కర్‌గా లేనంటాడు. ఈ మాటకు రుచి గడిలో పెద్ద అంకె వేస్తే వ్యుత్పత్తికి న్యాయం, వాడుకకు అన్యాయం. అన్ని గళ్లకూ పంచితే ఏకేంద్రియత తగ్గి, ఏ ఇంద్రియానికీ చెందని సాధారణ ప్రశంసావాచకంగా కనిపిస్తుంది. అదీ నిజం కాదు. వాతావరణం లెక్కర్ అన్నప్పుడు డచ్చివాడు ఎండను రుచి చూడడం లేదు, నిజమే. కాని ఆ మాటలో ఒంటికి తగిలే సుఖం ఉంది. చక్కని వాదాన్ని మెచ్చుకోవడానికి ఈ మాట సాధారణంగా రాదు.

'హార్డ్', 'జఖ్ట్' అనే జంట ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మొదటిది గట్టిది, రెండవది మెత్తనిది. చేతికి తెలిసే గుణాలివి. అయితే డచ్చిలో గొంతు పెంచి మాట్లాడడం హార్డ్‌గా మాట్లాడడం, తగ్గించి మాట్లాడడం జఖ్ట్‌గా మాట్లాడడం. శబ్దతీవ్రతకు రోజువారీ మాటలు ఇవే. అంతేకాదు, బండిని వేగంగా నడపడం కూడా హార్డ్‌గా నడపడమే. తెలుగువాడు గట్టిగా మాట్లాడు అన్నప్పుడు సరిగ్గా ఇదే బదిలీ జరుగుతుంది, స్పర్శ పదం శ్రవణానికి వస్తుంది. కాని తెలుగు గట్టిదనం వేగం దాకా పోదు. తెలుగులో వేగంతో ముడిపడినది రెండవ కొస: మెల్లగా మాట్లాడమంటే గొంతు తగ్గించమనీ అర్థమే, తొందరపడవద్దనీ అర్థమే. రెండు భాషలూ స్పర్శ, శబ్దం, వేగం అనే మూడు బిందువులను కలిపాయి, కాని వేర్వేరు గీతలతో. వస్తుప్రపంచం ఇద్దరికీ ఒకటే కనుక ఈ గీతల తేడా భాష వేసినదే. ఒంటరి పదానికి ఇంద్రియానికొక్క సగటు అంకె ఇచ్చే పట్టికలో ఈ గీతలకు చోటు లేదు.

సమాస పదాల సంగతి మరొక చిక్కు. ఆక్సిజన్‌కు డచ్చి పేరు 'జూర్‌స్తోఫ్', అక్షరార్థంగా పుల్లని పదార్థం. తెలుగు ఆమ్లజని కూడా అదే నమూనా. రుచీ వాసనా లేని వాయువు పేరులో పులుపు కూర్చుని ఉంది. రోజూ ఆ మాట వాడే డచ్చి నర్సుకు పులుపు తోస్తుందా అంటే తోయదనే చెప్పాలి. కాని ఒళ్లు గగుర్పొడవడానికి వారు వాడే 'కిప్పెన్‌వెల్', అంటే కోడిచర్మం, సంగతి వేరు. అందులోని ఈకలు పీకిన కోడి బొమ్మ ఇంకా చావలేదు. పదంలోని ఇంద్రియచిహ్నం ఎప్పుడు బతికి ఉంటుంది, ఎప్పుడు చస్తుంది అన్నది పదం వారీగా తేల్చవలసిన విషయం.

సగటు అంకె దాచిపెట్టే ఇంకొక సంగతి ప్రాంతభేదం. డచ్చి నెదర్లాండ్స్‌లోనూ, బెల్జియం ఉత్తర భాగంలోనూ మాట్లాడే భాష. 'తాస్' అంటే నైమేఖెన్ వీధిలో సంచి. ఖెంట్ కాఫీ అంగడిలో వేడి కాఫీ పోసే కప్పు. ఒకటి భుజానికి తగిలించుకొనేది, మరొకటి పెదవికి తగిలేది. ఇద్దరి అంకెలనూ కలిపి సగటు తీస్తే ఏ ఊరిలోనూ లేని వస్తువు తయారవుతుంది.

5. పదం ఇంద్రియాన్ని దిద్దగలదా?

ఇంతవరకు చర్చ పదంలో ఇంద్రియం ఎంత ఉందన్నది. ఎదురు ప్రశ్నకు కూడా డచ్చి నుంచే గట్టి సమాధానం వచ్చింది. స్వరస్థాయిని డచ్చివారు 'హోఖ్', 'లాఖ్' అంటారు, అంటే ఎత్తు, పల్లం. పారసీకులు 'నాజోక్', 'కొలోఫ్త్' అంటారు, అంటే సన్నం, లావు. తెలుగులోకి వచ్చి నాజూకు అయినది ఈ మొదటి మాటే. సారా డోల్షైడ్, ఆమె సహచరులు 2013లో ఈ రెండు భాషల వారికీ ఒక స్వరం వినిపించి, దాన్ని తిరిగి పాడి వినిపించమన్నారు. స్వరంతోపాటు తెరపై ఒక గీత కనిపించేది. డచ్చివారి గొంతు గీత ఎత్తును బట్టి మారింది, లావును పట్టించుకోలేదు. పారసీకుల గొంతు లావును బట్టి మారింది, ఎత్తును పట్టించుకోలేదు. పాడేటప్పుడు ఎవరూ ఏ పదమూ పలకలేదు. తరువాత కొందరు డచ్చివారికి స్వరాలను సన్నం, లావు అని వర్ణించడం అలవాటు చేశారు. ఆ అలవాటు తరువాత వారి గొంతు కూడా పారసీకుల గొంతులాగే గీత లావుకు లొంగింది.

మాటల అలవాటు లేని పసివారి సంగతి ఏమిటి? 2014లో అదే బృందం నాలుగు నెలల డచ్చి శిశువులను పరీక్షించింది. ఎత్తుతో పోలికా, సన్నదనంతో పోలికా రెండూ ఆ శిశువులకు తెలుస్తున్నాయి. కాబట్టి భాష ఈ సంబంధాన్ని శూన్యంలోనుంచి సృష్టించలేదు. శిశువుకు రెండు దారులూ తెరిచి ఉంటే, డచ్చి భాష ఒకదాన్ని రోజూ తొక్కి రహదారి చేసింది, రెండవదాన్ని గడ్డి మొలవనిచ్చింది. శిక్షణ ఆ గడ్డిని తొలగించింది. పై షడ్జం, కింది షడ్జం అంటూనే సన్నని గొంతు, బండ గొంతు అని కూడా అనే తెలుగువారిని ఇదే పరీక్షకు కూర్చోబెడితే ఏ గీతకు లొంగుతారన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

ఇక్కడ పట్టికల పరిమితి మరింత తేటపడుతుంది. హోఖ్ అన్న పదాన్ని ఒంటరిగా చదివితే కొండ, గోపురం, నిచ్చెన తోస్తాయి. చూపు గడిలోనే పెద్ద అంకె పడుతుందని ఎవరైనా ఊహించవచ్చు. కాని డచ్చి మాట్లాడే మనిషి గొంతును కదిలించినట్టు ప్రయోగంలో రుజువైనది ఆ పదపు శ్రవణార్థం. పదానికీ ఇంద్రియానికీ మధ్య బలంగా నిరూపితమైన ఈ ముడి పట్టికలో బలహీనమైనదిగా కనిపించే ప్రమాదం ఉంది.

6. ధ్వనిలోనే అనుభవం

పదం అర్థం ద్వారా కాక ఉచ్చారణ ద్వారా ఇంద్రియాన్ని తాకే సందర్భాలను ఈ పట్టికలు ప్రత్యేకంగా లెక్కించవు. మార్క్ డింగెమాన్స, ఆయన సహచరులు 2016లో జపనీ, కొరియా, సెమాయ్, సివు, ఎవే భాషల అనుకరణ పదాలను డచ్చి శ్రోతలకు వినిపించి, రెండు అర్థాలలో సరైనది ఎంచుకోమన్నారు. ఆ భాషలు తెలియకపోయినా డచ్చివారు కాకతాళీయానికి మించి సరిగ్గా చెప్పారు, కాని మరీ ఎక్కువగా కాదు. శబ్దాన్ని సూచించే పదాలలో విజయం ఎక్కువ, ఇతర అర్థాలలో తక్కువ. ఈ ఫలితాన్ని చదివేటప్పుడు శ్రోతలు ఎవరన్నది మరువరాదు. నీటిలో పడ్డ చప్పుడుకు 'ప్లోన్స్', ఆకుల గలగలకు 'రిట్సెలెన్' వంటి మాటలు డచ్చిలో ఉన్నాయి. అవి ప్రధానంగా శబ్దాన్నే అనుకరిస్తాయి. తళతళ అని కాంతినీ, కితకిత అని స్పర్శనూ, ఘుమఘుమ అని వాసననూ ధ్వనిలో పెట్టే అలవాటు ఉన్న భాషలో పుట్టిన శ్రోతలు వేరే విధంగా వినే అవకాశం ఉంది. భారతదేశపు భాషాకుటుంబాల మధ్య ఇటువంటి పదాలు పంచుకోబడి ఉన్నాయని ముర్రే ఎమెనో 1969లోనే చూపారు.

7. ప్రశ్నను అనువదించడంలోని చిక్కు

డచ్చి పట్టికను నమూనాగా తీసుకొని తెలుగులో ఇటువంటి పనికి పూనుకొనే పరిశోధకుడికి మొదటి అడ్డంకి పదాల జాబితాలో ఎదురుకాదు, ప్రశ్నలోనే ఎదురవుతుంది. 1983లో స్వీడన్ భాషాశాస్త్రవేత్త ఓకె విబెర్గ్ సుమారు 50 భాషల ఇంద్రియక్రియలను పోల్చి, ప్రతి ఇంద్రియానికీ మూడు విధాలైన క్రియలు ఉండవచ్చునన్నారు: కావాలని చేసేది, దానంతట తెలిసేది, వస్తువుకు చెందినది. డచ్చిలో చూపుకు మూడూ వేర్వేరు: 'కైకెన్', 'జీన్', 'ఎరౌట్‌జీన్'. వినికిడికీ అంతే: 'లౌస్తెరెన్', 'హోరెన్', 'క్లింకెన్'. రుచికి వచ్చేసరికి రెండే మిగిలాయి. మనిషి పక్షాన 'ప్రూవెన్', తిండి పక్షాన 'స్మాకెన్'. ప్రూవెన్ మూలం పరీక్షించడం అనే అర్థం గల లాటిన్ క్రియ. వాసనకు మూడు పనులూ 'రౌకెన్' ఒక్కటే చేస్తుంది. కావాలని వాసన చూసినప్పుడు మాత్రం 'ఆన్' అనే చిన్న మాట తోడు వస్తుంది.

కాబట్టి ఈ పదం సూచించేదాన్ని రౌకెన్ ద్వారా ఎంతవరకు అనుభవిస్తారు అని డచ్చిలో అడిగితే, ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చడమూ, గాలిలో దానంతట వచ్చి తగలడమూ రెండూ ఆ ప్రశ్నలో ఇముడుతాయి. తెలుగులో అడగవలసి వస్తే ఏ మాటతో అడగాలి? వాసన చూడడం ద్వారా అంటే కావాలని చేసే పని అవుతుంది. పైగా ప్రశ్నలోనే చూచు అనే క్రియ వచ్చి కూర్చుంటుంది. రుచి చూడడం, తాకి చూడడం అన్న ప్రయోగాలలో వలె అది అక్కడ పరీక్షించడమనే అర్థం ఇస్తున్నా, పైగడిలో చూడడం ద్వారా అని అడిగిన ప్రశ్నతో దానికి పోలిక తప్పదు. వాసన తగలడం ద్వారా అంటే అనుకోకుండా వచ్చినదే లెక్కకు వస్తుంది. మల్లెపువ్వుకు రెండు ప్రశ్నలూ సరిపోతాయి. మురుగుకాలువను ఎవరూ వాసన చూడరు, దాని వాసన తగులుతుంది. కొనబోయే ఎండుచేపను వాసన చూస్తారు, పక్కింట్లో వేగే ఎండుచేప వాసన తగులుతుంది. ప్రశ్నలోని క్రియను బట్టి మురుగుకాలువకు 0 పడవచ్చు, 5 పడవచ్చు.